కట్ట తెగిన చోట ఆగి చూసిన మనిషి: మాడ్ కన్నింగ్టన్

మీరు అడిగింది ఇదీ: మీ ఊరి పక్కనున్న పాటిదిబ్బను కొలిచి, ప్లాను గీసి ఎం.ఏ. ప్రాజెక్టుగా ఇస్తానంటే కొందరు “తవ్వకుండా గీసేది కూడా ఒక పరిశోధనేనా” అన్నారు. మట్టి దిబ్బల్ని, పాత కట్టల్ని రికార్డు చేసి కాపాడిన తొలితరం ఆడవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఉంటే వాళ్లు అసలు ఏం చేశారు?

ఉన్నారు. ఈ ప్రశ్న వినగానే నాకు గుర్తొచ్చే పేరు మాడ్ కన్నింగ్టన్. ఇంగ్లండులో విల్ట్‌షైర్ అనే జిల్లాలో పనిచేసింది. మన పురావస్తు సర్వేక్షణ సంస్థను మొదలుపెట్టిన అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్‌తో ఈ పేరును కలిపేసుకోకండి. ఆయన వేరు, ఈవిడ వేరు. నేను పాతికేళ్లకు పైగా తవ్వకాల దగ్గర కొలతల పని చేశాను. ఎండలో లెవెల్ స్టాఫ్ పట్టుకుని నిలబడటంతో మొదలుపెట్టి, ప్లాన్లూ సెక్షన్లూ గీసేదాకా వచ్చాను. ఆ పనిలో ఉన్నన్నాళ్లూ నాకు ధైర్యంగా అనిపించిన మనిషి ఈవిడే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట. మట్టి కట్టడం అంటే మనవాళ్ల కంటికి ఆనదు. వరంగల్లులో రాతికోట దగ్గర ఆగి ఫొటోలు దిగుతాం. దాని చుట్టూ ఉన్న మట్టికోట మీదుగా బండి పోనిస్తూ అది కాకతీయులు పోయించిన కట్ట అని కూడా అనుకోం. విల్ట్‌షైర్‌లోనూ అంతే. స్టోన్‌హెంజ్ రాళ్లు అందరికీ తెలుసు. ఆ చుట్టుపక్కల సుద్దగుట్టల మీద వేల ఏళ్ల నాటి కందకాలు, కట్టలు, సమాధి దిబ్బలు లెక్కలేనన్ని. వాటి మీద గొర్రెలు మేసేవి, నాగళ్లు నడిచేవి. ప్రతి దున్నకానికీ కట్ట కాస్త కిందికి దిగేది, కందకం కాస్త పూడేది.

మాడ్ 1869లో వేల్స్‌లో పుట్టింది. ఇంటిపేరు పెగ్. నాన్న వైద్యుడు. 1889లో బెన్ కన్నింగ్టన్‌ను పెళ్లాడి విల్ట్‌షైర్‌లోని డివైజెస్ ఊరికి వచ్చింది. మెట్టినింటి వాళ్లకు ఈ పిచ్చి మూడు తరాల నుంచీ ఉంది. బెన్ ముత్తాత విలియం కన్నింగ్టన్ ఉన్ని వ్యాపారి. 1800 ప్రాంతంలో కోల్ట్ హోర్ అనే జమీందారుతో కలిసి ఆ జిల్లాలో వందల సమాధి దిబ్బలు తెరిపించాడు. బెన్ ఊళ్లోని మ్యూజియానికి జీతం లేని క్యూరేటరు. ఆవిడ యూనివర్సిటీలో పురావస్తు శాస్త్రం చదవలేదు. 1897 ప్రాంతం నుంచి, ఎక్కడ పునాది తీస్తున్నా, ఎక్కడ పొలంలో పెంకులు బయటపడుతున్నా వెళ్లి రాసుకోవడం మొదలుపెట్టింది. పని అలా పట్టుబడింది.

ఇప్పుడు అసలు సంగతి, న్యాప్ హిల్. మీ ప్రశ్నకు సమాధానం చాలావరకు ఇక్కడే ఉంది.

ప్యూజీ లోయ మీదికి చూసే గుట్ట అది. పైన ఒక పాత కట్ట, దాని బయట కందకం. కట్ట అక్కడక్కడా తెగి ఉంటుంది. మామూలుగా అలాంటిది చూస్తే మనం ఏమనుకుంటాం? బండ్లు తొక్కి తెగింది, గొర్రెలు దిగి తెగింది, వాన కోసేసింది అనుకుంటాం. ప్లాను గీసేటప్పుడు ఆ ఖాళీల్ని పట్టించుకోకుండా కట్టను ఒకే గీతగా కలిపేస్తాం కూడా. నేను అలా కలిపేసిన రోజులు ఉన్నాయి, ఒప్పుకుంటున్నాను. 1908, 1909లలో మాడ్ అక్కడ తవ్వించినప్పుడు ఆ ఖాళీల దగ్గర ఆగింది. కట్ట తెగిన చోటల్లా ఎదురుగా కందకం కూడా తెగి ఉంది. ఒకచోట అయితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. అన్నిచోట్లా అలాగే ఉంటే?

దీన్ని తేల్చే పద్ధతి చాలా సులువు. కందకంలోంచి తీసిన మట్టే పక్కన కట్టగా పోస్తారు. కందకం ముందు పూర్తిగా తవ్వి, తర్వాత దారి కోసం ఎవరో పూడ్చారనుకోండి, ఆ చోట తవ్వితే కదిలించిన మట్టి తగలాలి. కలగాపులగంగా, మెత్తగా, గడ్డపారకు సులువుగా దిగేలా ఉంటుంది. అసలు తవ్వనే లేదనుకోండి, గడ్డి పొర కిందే గట్టి సుద్ద తగులుతుంది. ఆవిడకు తగిలింది గట్టి సుద్ద. అంటే ఆ ఖాళీలు కాలం కోసినవి కావు. కట్టినవాళ్లే ముక్కలు ముక్కలుగా కందకం తవ్వుతూ మధ్యలో నేలను కావాలని వదిలిపెట్టారు.

ఎందుకు? కోట అయితే అన్ని దారులు ఎందుకు పెడతారు? పని మధ్యలో ఆపేశారా? ఆవిడకు గట్టి జవాబు దొరకలేదు. అయినా 1909లోనే దాన్ని ఒక “విశేష లక్షణం” అని ప్రత్యేకంగా అచ్చు వేయించింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లలోపే ఇంగ్లండు దక్షిణాన అలాంటివి ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. అవి కొత్త రాతియుగపు తొలి రైతులు కూడుకునే ఆవరణలనీ, ముక్కల కందకం వాటి గుర్తనీ తేలింది. న్యాప్ హిల్ కాలం ఇప్పుడు క్రీ.పూ. 3500 ప్రాంతమని లెక్క. ఈ జాతి కట్టడాన్ని మొదట గుర్తుపట్టింది న్యాప్ హిల్‌లోనే. అర్థంకాని దాన్ని సరిచేసేయకుండా ఉన్నది ఉన్నట్టు గీసినందువల్లే అది సాధ్యమైంది. “గీసేది పరిశోధనేనా” అన్నవాళ్లకు ఈ ఒక్కటి చూపించండి.

1911లో ఆల్ కానింగ్స్ క్రాస్ అనే చోట, పొలంలో సుత్తిరాళ్లు, పెంకులు తెగ కనిపిస్తున్నాయని మొదలుపెట్టిన తవ్వకం మొదటి ప్రపంచయుద్ధంతో ఆగింది. ఆ యుద్ధంలోనే 1918లో ఆవిడ ఒక్కగానొక్క కొడుకు ఎడ్వర్డ్, సైనిక వైద్యుడు, ఫ్రాన్సులో చనిపోయాడు. మళ్లీ తవ్వకానికి వెళ్లి, 1922 నాటికి ముగించి, 1923లో ఆ ఇనుపయుగపు ఊరి మీద పుస్తకం తెచ్చింది. దీని గురించి ఇంతకంటే రాయలేను. ఆ మధ్య సంవత్సరాల్లో ఆవిడ ఎలా లేచి పనికి వెళ్లిందో ఆలోచిస్తే చెయ్యి ఆగిపోతుంది.

తర్వాతది వుడ్‌హెంజ్. 1925 డిసెంబరులో ఇన్సాల్ అనే వైమానిక అధికారి స్టోన్‌హెంజ్‌కు ఈశాన్యాన మూడు కిలోమీటర్ల దూరంలో విమానంలో పోతూ దున్నిన పొలంలో ఒక గుండ్రటి మచ్చ చూశాడు. లోపల తెల్లటి చుక్కలు వరసగా ఉన్నాయి. మరుసటి వేసవిలో గోధుమ ఎదిగాక అవే చుక్కలు నల్లగా, ఒత్తుగా కనిపించాయి. ఇది మన రైతులకు కొత్త కాదు. పూడ్చేసిన పాత బావి మీద జొన్న ఏపుగా లేస్తుంది, పాత గోడ పునాది మీద పైరు పాలిపోతుంది. లోతుగా తవ్వి పూడిన చోట మట్టి మెత్తగా ఉండి తేమ నిలుపుకుంటుంది, వేరు కిందికి దిగుతుంది. అంతకుముందు వందేళ్లుగా ఆ గుండ్రటి చోటును దున్నిపోయిన సమాధి దిబ్బ అనుకున్నారు.

1926 నుంచి మాడ్, బెన్ దంపతులు అక్కడ తవ్వించారు. అక్కడ వలయాలుగా పాతిన కర్ర గుంజలు ఎప్పుడో కుళ్లి పోయాయి. మిగిలింది సుద్దలో గుంతలే. గట్టి తెల్లటి సుద్ద మధ్య గోధుమరంగు మట్టి నిండిన గుండ్రటి మచ్చలు. ఒక్కో మచ్చలో మట్టిని చేత్తో ఖాళీ చేస్తూ పోతే గుంజ ఎంత మందంగా ఉండేదో, ఎంత లోతుకు పాతారో తెలుస్తుంది. అలా ఆరు వలయాలు తేలాయి. ఖచ్చితమైన గుండ్రం కాదు, కోడిగుడ్డు ఆకారం. బయటి వలయంలో 60 గుంజలు. లోపలికి మూడో వలయంలో 16 మాత్రమే, కానీ అన్నిటికన్నా లావువి. మానుల్ని నిలబెట్టడానికి ఆ గుంతలకు ఒక పక్క ఏటవాలు దారి కూడా కోశారు. వాటిని ఏ పక్క నుంచి జారవిడిచారో ఆ వాలు చూస్తే చెప్పొచ్చు. ఆ వలయాల పొడవు గీత ఎండాకాలపు అతి పొడుగు పగటి రోజున సూర్యుడు పొడిచే దిక్కుకు ఉందని కూడా ఆవిడే చూపింది. కొలతలు వేసింది బంధువు ఆర్.హెచ్. కన్నింగ్టన్. 1929లో పుస్తకంగా వచ్చింది, పేరు ఎం.ఈ. కన్నింగ్టన్ అని. ఆ పొడి అక్షరాలు చూసి రాసింది మగవాడనుకున్నవాళ్లు ఉండే ఉంటారు.

తవ్వాక ఏం చేశారన్నది నాకు ముఖ్యం. మనకు తెలిసిన తీరు ఏమిటంటే, తవ్వకం అయిపోతుంది, సామాను మ్యూజియానికి పోతుంది, గుంతలు పూడుస్తారు, మరుసటి ఏడు పొలం పొలమే. వాళ్లు ఆ నేలను సొంత డబ్బుతో కొన్నారు. ఒక్కో గుంత ఉన్నచోట అంతే లావు సిమెంటు దిమ్మె పాతించారు, ఏ వలయమో తెలిసేలా. తర్వాత ఆ స్థలాన్ని ప్రభుత్వానికి రాసిచ్చేశారు. ఆ దిమ్మెలు అందంగా ఉండవనేవాళ్లు ఉన్నారు. నాకు ఆ మాట నచ్చదు. దిమ్మె లేకపోతే అది ఖాళీ పచ్చిక, ఖాళీ పచ్చిక ఎవరికీ గుర్తుండదు. ఈ రోజు ఆ వలయాల మధ్య పిల్లలు పరుగెత్తుతున్నారంటే కారణం ఆ దిమ్మెలే.

వుడ్‌హెంజ్‌లో ఒక బాధాకరమైన విషయం ఉంది, మీలాంటి విద్యార్థులకు తప్పకుండా తెలియాలి. వలయాల నడుమ మూడేళ్ల పసిపిల్ల అస్థిపంజరం దొరికింది, పుర్రె రెండుగా చీలి ఉంది. పుర్రె చీల్చి బలి ఇచ్చారని మాడ్ రాసింది. ఎముకల్ని లండన్‌కు పంపారు. రెండో ప్రపంచయుద్ధంలో అక్కడ బాంబులు పడినప్పుడు అవి నాశనమయ్యాయి. తర్వాతివాళ్లకు అనుమానం వచ్చింది: పసిపిల్లల పుర్రె అతుకులు ఇంకా గట్టిపడవు, మీద మట్టి బరువు పడితే దానంతట అదే విడిపోదా? ఇప్పుడు తేల్చే వీలు లేదు. ఎముకలు లేవు, ఆవిడ రాసింది ఒక్కటే ఉంది. కాబట్టి నా దగ్గర పనిచేసిన పిల్లలందరికీ చెప్పినట్టే మీకూ చెబుతున్నాను. పుస్తకంలో ఎడమ పేజీలో కంటికి కనిపించింది రాయండి, కుడి పేజీలో మీకు అనిపించింది రాయండి. రెండూ ఒకే వాక్యంలో కలపకండి. “పుర్రె రెండు ముక్కలు, చీలిక ఇక్కడి నుంచి ఇక్కడికి” అన్నది వందేళ్లు నిలుస్తుంది. “బలి” అన్నది నిలవకపోవచ్చు.

ఇక ఓవర్టన్ హిల్ మీద శాంక్చురీ. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ. ఏవ్‌బరీ పెద్ద రాతి వలయం నుంచి రెండు వరసల రాళ్ల బాట ఒకటి బయల్దేరి ఈ గుట్ట మీద ముగిసేది. అక్కడ రెండు రాతి వలయాలు ఉండేవి. పదిహేడో శతాబ్దంలో పాత కట్టడాల గురించి రాసిన జాన్ ఆబ్రీ వాటిని చూసి రాసుకున్నాడు. 1720లలో అలాంటి ఆసక్తే ఉన్న విలియం స్టూక్లీ గీసుకుంటుండగానే, నేలను సాగుకు తెచ్చుకోవడానికి రాళ్లు పీకేశారు. 1724 తర్వాత ఆ చోటు పేరు కాగితం మీద మిగిలింది, నేల మీద ఏమీ లేదు. సరిగ్గా ఎక్కడో ఎవరూ చెప్పలేకపోయారు.

1930లో మాడ్ దంపతులు స్టూక్లీ రాతల్ని పట్టుకుని ఆ పొలంలోకి వెళ్లి వెతికారు. దొరికింది. రాళ్లు నిలబెట్టిన గుంతలు కనిపించాయి. వాటితో పాటు స్టూక్లీకి గానీ ఆబ్రీకి గానీ తెలియని సంగతి, ఆ రాళ్లకన్నా ముందు అక్కడ కర్ర గుంజల వలయాలు ఉండేవని వాటి గుంతలు చెప్పాయి. అంటే అంతకు రెండువందల ఏళ్ల ముందు స్టూక్లీ తన కళ్లెదుటే పోతున్న దాన్ని ఆపలేక, కనీసం గీసిపెట్టాడు. ఆ గీత లేకపోతే ఈవిడకు ఆ పొలంలో అడుగుపెట్టే ఆధారమే లేదు. ఈ స్థలాన్ని కూడా కొని, రాళ్లకూ గుంజలకూ వేరువేరుగా దిమ్మెలు పాతించి, దేశానికి ఇచ్చేశారు.

ఆవిడ పనిలో లోపాలు లేవని నేను అనను. శాంక్చురీ తవ్వకం వేగంగా సాగింది. అక్కడ పనిచేసిన విలియం యంగ్ అనే స్థానికుడు రోజూ డైరీ రాసుకునేవాడు. 1999లో శాంక్చురీలో కొంత భాగం మళ్లీ తెరిచి చూసినప్పుడు, ఒకే గుంతలో గుంజను తీసి మళ్లీ మళ్లీ కొత్తది పాతినట్టు కనిపించింది. అచ్చయిన నివేదిక కంటే ఆ డైరీ కొన్నిచోట్ల ఎక్కువ సాయపడింది. యంగ్ తర్వాతి కాలంలో ఏవ్‌బరీ మ్యూజియానికి క్యూరేటరు అయ్యాడు. మీ దిబ్బ దగ్గర మీకు టేపు పట్టుకునే మనిషి చూసింది కూడా రాయించుకోండి. గొర్రెలు కాసేవాళ్లకు ఏ వానకు ఏ పక్క కోసుకుపోయిందో మనకన్నా బాగా తెలుసు.

1931లో విల్ట్‌షైర్ పురావస్తు సంఘం ఆవిడను అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. 1853లో పెట్టిన ఆ సంఘానికి ఆవిడే తొలి మహిళా అధ్యక్షురాలు. 1948లో బ్రిటిషు ప్రభుత్వం సీబీఈ అనే గౌరవ బిరుదు ఇచ్చింది. అప్పటికి మతిమరుపు జబ్బు ముదిరిపోయి, ఆ గౌరవం దక్కిందని కూడా ఆవిడకు తెలియలేదు. 1951లో చనిపోయింది. ఆస్తి దాదాపు అంతా డివైజెస్ మ్యూజియానికే రాసింది. ఆ డబ్బుతోనే మ్యూజియం మొదటిసారి జీతం ఇచ్చి క్యూరేటరును పెట్టుకోగలిగింది.

ఇక మీ దిబ్బ. పాటిదిబ్బ గురించి నాకొక అనుభవం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్లో పాటిని నాలుగు రోజులు కొలిచి కాంటూరు ప్లాను గీశాను. ఎత్తు నాలుగు మీటర్ల చిల్లర. తవ్వకానికి ఆ ఏడు వీలు కాలేదు, ప్లాను బీరువాలో పెట్టాం. తొమ్మిదేళ్లకు అటుగా వెళ్తే దిబ్బ లేదు. పాటిమట్టి చేనుకు బలమని ట్రాక్టర్లతో తోలేశారు. అంచున మిగిలిన ఒక నిలువు చెక్కలో బూడిద పొర, దానికింద ఎర్రగా కాలిన నేల, ఆ నేలలో సగం కోసుకుపోయిన కుండ అంచు కనిపించాయి. మిగతా సగం ఎవరి చేలో చల్లారో. తోలుకున్న రైతును నేను ఒక్క మాట అనలేకపోయాను. ఎరువు కొనే స్తోమత లేనివాడు, అది తాతల నాటి ఊరని అతనికి ఎవరూ చెప్పలేదు. నాలుగు రోజులు అక్కడే ఉండి నేనూ చెప్పలేదు. ఆ దిబ్బ ఎంత ఉండేదో, ఏ పక్క వాలేదో తెలిపేది ఇప్పుడు నా ప్లాను ఒక్కటే.

అమరావతిలో దీపాలదిన్నె, అంటే అక్కడి పాత బౌద్ధ స్తూపం, కథ కూడా ఇలాంటిదే. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి మెకంజీ చూసేనాటికే ఆ దిన్నె రాళ్లు కట్టడాలకు పోతున్నాయి. 1816లో మళ్లీ వచ్చి తన మనుషులతో బొమ్మలు గీయించాడు. ఆ తర్వాత పోయిన రాళ్లలో కొన్నిటిని మనం ఈ రోజు ఆ బొమ్మల్లోనే చూస్తున్నాం.

కాబట్టి మీరు చేయాల్సింది చెబుతాను. గడ్డపార ముట్టుకోకండి, అనుమతి లేని తవ్వకం కాపాడటం కాదు, చట్టమూ ఒప్పదు. ముందు ఆ నేల సర్వే నంబరు, అది పట్టానా పోరంబోకా అన్నది తెలుసుకోండి. కదలని గుర్తు ఒకటి పట్టుకోండి, గుడి మెట్టో, వంతెన మూలో, బావి గట్టో. అన్ని కొలతలూ అక్కడి నుంచే. లెవెల్ దొరికితే రెండు మీటర్లకొక ఎత్తు తీసుకోండి, దొరకకపోతే తాడు, టేపు, నీటిగొట్టం చాలు. వాలు చూపించే తోకకప్ప గీతలు వేసేటప్పుడు లావు తల పైకి, సన్నటి తోక కిందికి. తెగిన చోటును తెగినట్టే గీయండి, అది నిన్నటి ట్రాక్టరు దారి అయినా సరే. పక్కన “కొత్తది” అని రాయండి, చెరపకండి. పెంకుల్ని ఏరి సంచిలో వేసుకోకండి, ఉన్నచోటే స్కేలు పెట్టి ఫొటో తీయండి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీస్తే మిట్ట పల్లాలు బాగా తేలతాయి. మీ ఊరి చుట్టూ జొన్న వేస్తే, కంకి రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి గట్టు ఎక్కి పైరు రంగు చూడండి.

ప్లాను మూడు కాపీలు తీయండి. ఒకటి కాలేజీకి, ఒకటి రాష్ట్ర పురావస్తు శాఖకు సర్వే నంబరుతో సహా అర్జీ పెట్టి, ఒకటి మీ ఊరి పంచాయతీ ఆఫీసు గోడకు. మూడోది అట్ట కట్టించి పెట్టండి. దాని కింద “ఇది మన పాత ఊరు” అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. ప్లాను మీద తేదీ, కొలిచినవాళ్ల పేర్లు, ఉత్తరం గుర్తు మరిచిపోకండి. మీ పేరు మాత్రం పొడి అక్షరాల్లో వద్దు, పూర్తిగా రాయండి.